‘నాక్ ఆఫ్’తో పరీక్షించిన కోబిల్డ్ ఫ్రేజల్ వెర్బుల నిఘంటువు

ఆంగ్ల నిఘంటువు ఏపాటి పనికొస్తుందో తేల్చుకోవాలంటే అందులో ‘నాక్ ఆఫ్’ వంటి వ్యావహారిక ఫ్రేజల్ వెర్బును, అంటే ‘ఆఫ్’, ‘అప్’ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే క్రియను, వెతకాలి. ‘నాక్’ అంటే తట్టడమని మాత్రమే తెలిసినవారికి, సాయంత్రం అయిదింటికి ‘నాక్ ఆఫ్’ చేద్దామనే లండన్ సహోద్యోగి పని ఆపి ఇంటికి వెళదామంటున్నాడని తట్టదు. బిల్లులో పది పౌండ్లు తగ్గించడం, నివేదికను గంటలో చకచకా ముగించడం, ఒకరి డిజైనును అనుకరించి చవక సరుకు తయారుచేయడం, బ్రిటిష్ వాడుకలో దొంగిలించడం, చివరికి మనిషిని చంపడం కూడా ఈ క్రియ అర్థాలే.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంతో కలిసి, జాన్ సింక్లెయిర్ ప్రధాన సంపాదకత్వంలో కాలిన్స్ సంస్థ 1989లో ‘కోబిల్డ్’ పేరుతో వెలువరించిన ఈ ఫ్రేజల్ వెర్బుల నిఘంటువు పర్యాయపదాలు వరుసగా పేర్చి ఊరుకోదు. ‘మీరు ఫలానా పని చేస్తే’ అన్న ధోరణిలో నిండు వాక్యంతో నిర్వచనం ఇస్తుంది గనుక, ఆ పని ఎవరు చేస్తారో, దేనిమీద చేస్తారో చదువుతుండగానే తెలిసిపోతుంది. ‘నాక్ ఆఫ్’ విషయంలో ఈ వివరమే ముఖ్యం: కర్మ స్థానంలో సొమ్ము ఉంటే తగ్గింపు, మనిషి ఉంటే హత్య, కర్మే లేకపోతే పని విరమణ. సర్వనామాన్ని మాత్రం నడుమనే ఉంచాలి. ‘నాక్ ఇట్ ఆఫ్’ అని గద్దిస్తే ‘ఇక చాలించు’ అని అర్థం.

పుస్తకం చివర ‘ఆఫ్’, ‘అప్’, ‘అవుట్’ వంటి చిన్న మాటలకు ఇచ్చిన సూచిక నాకు మరీ నచ్చింది. ఒక్కో మాట వివిధ క్రియలతో చేరి ఏయే భావాలనిస్తుందో వర్గాలుగా చూపడం వల్ల, విడివిడిగా బట్టీపట్టే శ్రమ కొంత తగ్గుతుంది.

వివరణంతా ఆంగ్లంలోనే ఉన్నందున ఇది కొత్తగా నేర్చుకునేవారికి కొరుకుడుపడదు. తెలుగు వివరణ ఉంటే ‘కొట్టేయడం’ ఒక్కటే సగం పని చేసేది: పర్సు కొట్టేశాడన్నా, ట్యూను కొట్టేశాడన్నా మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటర్మీడియెట్ స్థాయి ఆంగ్లం తడబడకుండా చదవగలిగినవారు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. అయితే వ్యావహారిక పదాలు త్వరగా మారతాయి కాబట్టి, పాత పుస్తకాల దుకాణంలో దొరికే తొలి ముద్రణ కంటే సవరించిన ముద్రణ తీసుకోవడం మేలు.