వ్యాసమా, ఫొటో ఎడిటింగా? చెన్నైలో మీడియా చదివే తెలుగు పిల్లలకు ఏది ముందు?

చెన్నైలో విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్)లోనో జర్నలిజంలోనో చేరిన మనవాళ్లకు మొదటి ఏడాదే ఎదురయ్యే ప్రశ్న ఇది. సాయంత్రం చేతికి చిక్కే గంటో రెండు గంటలో దేనికి పెట్టాలి? పత్రికకు వ్యాసం రాయడం నేర్చుకోవడానికా, ఫొటో ఎడిటింగ్‌కా? రెండూ నేర్చుకోమని చెప్పేవాళ్లకు ఏం పోయింది! లోకల్ రైల్లో తాంబరం చేరి, వంట చేసుకుని, మర్నాటి అసైన్‌మెంట్ ముగించాల్సిన పిల్లకు ఆ సలహా ఎందుకూ కొరగాదు. నన్నడిగితే రాతే ముందు. అలాగని ఎడిటింగ్ వైపు బలం తక్కువేమీ కాదు.

ముందుగా డబ్బు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫొటోలు తీసేవాళ్లకు చేతులు చాలవు. వందల ఫొటోల్లో రంగు సరిచేసి, ముఖాల మీద వెలుగు సమం చేసి, ఆల్బమ్‌కు సర్దిపెట్టగలిగితే డిగ్రీ అవకముందే పని దొరుకుతుంది. వ్యాసం రాసేవాడికి తొలిరోజుల్లో దక్కేది అచ్చులో పేరు, మహా అయితే చిన్న పారితోషికం. అదీ సంపాదకుడు జవాబిస్తే. ఇంకో సంగతి, ఎడిటింగ్‌లో ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తుంది. చీకటి ఫొటోలో వెలుగునీడలు సర్దే కర్వ్స్ గీతను కాస్త పైకి లాగితే ముఖం తేలుతుంది. బాగుపడిందో చెడిందో ఎవర్నీ అడగక్కర్లేదు. వ్యాసంలో ఆ సుఖం లేదు. రాసినవాడికి తన ప్రతి పేరా ముద్దొస్తూనే ఉంటుంది.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. 1990లో పుట్టిన ఫొటోషాప్‌కు ఇప్పుడు చందా కట్టాలి. 1996 నుంచి ఉన్న గింప్ ఉచితం, రా ఫైళ్లకు (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫొటోలకు) డార్క్‌టేబుల్ కూడా ఉచితమే. ఉద్యోగాల్లో ఫొటోషాప్ వచ్చా అని అడుగుతారు కాబట్టి కాలేజీ ల్యాబ్‌లో దాని మీద చెయ్యి తిప్పుకుంటే సరిపోతుంది. తెలుగువాళ్లకు మాత్రం అదనంగా ఒక తలనొప్పి ఉంది. పాత ఫొటోషాప్ వెర్షన్లలో తెలుగు రాస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతుంటాయి. టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఎంచుకుంటే కుదురుకుంటాయి. డీటీపీలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌కైనా ఒకేలా అర్థమయ్యే అక్షర పద్ధతి) కావు, వాటిలో వచ్చిన మేటర్‌ను అందులోకి మార్చుకోవాలి. ఇవన్నీ యూట్యూబ్ ముందు ఒక మధ్యాహ్నం కూర్చుంటే తెలిసిపోయే సంగతులే.

అసలు తేడా ఇక్కడే ఉంది. పత్రికకు కావలసిన ఎడిటింగ్‌కు ఒక అంచు ఉంది. క్రాప్ చేయడం, వంకర తీయడం, వెలుగు, వైట్ బ్యాలెన్స్, షార్ప్‌నెస్, సైజు. మంచి కాగితం మీద అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. అంటే 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో పేజీలో నాలుగు అంగుళాలకే వస్తుంది. ఏ4 పేజీ నిండాలంటే 2480 × 3508 కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది కనుక డాక్యుమెంట్‌గా పంపమనాలి. స్క్రీన్ మీద ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్లో) ధగధగలాడే నీలం, చిలకపచ్చ అచ్చుకోసం సీఎంవైకేలోకి (నాలుగు సిరా రంగుల్లోకి) మార్చగానే మందగిస్తాయి, అందుకని పట్టుచీరల ఫొటోలను ముందే ఆ కంటితో చూసుకోవాలి. శ్రద్ధ ఉన్న మనిషికి ఇదంతా రెండు మూడు నెలల పని.

ఆపైన కావలసింది మౌస్ నైపుణ్యం కాదు. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి అట్ట మీద గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపారు, అడ్డంగా తీసిన ఫొటో నిలువు అట్టలో ఇమడాలని. 1994 జూన్‌లో టైమ్ పత్రిక, హత్య కేసులో అరెస్టయిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను నల్లబరిచి అట్టకెక్కించింది. అదే ఫొటోను మార్చకుండా వేసిన న్యూస్‌వీక్ పక్కనే అమ్మకానికి ఉండటంతో తేడా అందరి కళ్లలో పడింది. ఆ చేతులకు పనితనం తక్కువా? ఏది సర్దచ్చు, ఏది తాకకూడదు అన్న ఇంగితం కంప్యూటర్ ముందు అబ్బదు. జరిగింది జరిగినట్టు చెప్పాలని పదిమందిని అడిగి, రాసి, కొట్టేసి, మళ్లీ రాసినవాడికి అబ్బుతుంది.

మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. వెళ్లి ఫొటో తీయండి. ఆకాశం నీలం పెంచండి, అడ్డొచ్చిన కరెంటు తీగను చెరిపేయండి (వార్తా ఫొటోలో ఆ తీగను కూడా చెరపకూడదు, అది వేరే తగువు). ఎంత చేసినా అది ఒక భవనం ఫొటోయే. 1952 అక్టోబరు 19న ఇక్కడ దీక్షకు కూర్చున్న మనిషి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశాడనీ, మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందనీ చెప్పేది కింద రాసిన రెండు లైన్లే. మన పిల్లలు అక్కడ “స్మారక భవన దృశ్యం” అని రాసి పంపుతారు. అది కనబడుతూనే ఉందిగా!

రాతకు మాత్రం అలాంటి అంచు లేదు, అందుకే త్వరగా మొదలుపెట్టాలి. చెన్నై తెలుగు విద్యార్థికి ఇందులో ఒక కష్టం, ఒక లాభం ఉన్నాయి. చింతాద్రిపేట మీద రాయబోతాడు. 1734లో నేతగాళ్ల కోసం వెలసిన పేట అది, ఇప్పుడు చేపల మార్కెట్‌కు పేరు. అక్కడ తమిళంలో అడగాలి, క్లాసుకు ఇంగ్లీషులో ఇవ్వాలి, మన పత్రికకైతే తెలుగులో పంపాలి. చేపలమ్మే ఆవిడ విసుగ్గా అన్న మాట మూడో భాషకు వచ్చేసరికి ప్రెస్‌నోట్ అయిపోతుంది. దాన్ని కాపాడుకోవడానికి పడే పాట్లలోనే వాక్యం పదునెక్కుతుంది. ఒకే భాషలో తిరిగేవాడికి ఆ సాధన అంత సులువుగా దొరకదు.

1947 జులైలో ఈ ఊళ్లోనే మొదలైన చందమామను తలుచుకుని “అక్కడ రాత వేరు, బొమ్మ వేరు, ఎవరి పని వాళ్లదే” అంటారు. నిజమే. 1952 నుంచి 1980 దాకా కథల భాష చూసుకున్నది కొడవటిగంటి కుటుంబరావు, బొమ్మలు వేసింది శంకర్, వపా (వడ్డాది పాపయ్య) వంటివారు. ఇవాళ్టి చిన్న పత్రికలు అంతమందిని పెట్టుకోలేవు, ఒక్క మనిషే వ్యాసమూ ఫొటోలూ తేవాలంటాయి. అయినా ఫొటో బాగుందని పేలవమైన వ్యాసం వేసుకునే సంపాదకుడు అరుదు. వ్యాసం నిలబడితే ఓ మోస్తరు ఫొటోతో సర్దుకుంటారు.

ఫీజు మీరే కట్టుకోవలసిన పరిస్థితి అయితే నా మాట పక్కన పెట్టి ఎడిటింగే పట్టండి. ఫొటో జర్నలిస్టు కావాలని గట్టిగా అనుకున్నా అంతే, కానీ కాప్షన్ రాయడం వదలకండి. మిగతావాళ్లు ఎడిటింగ్‌కు డబ్బు పోయకండి, ఉచితంగా వచ్చేదే చాలు. రాత నేర్పుతామనే కోర్సుకు కట్టేముందు ఒక్కటి అడగండి: మా కాపీ దిద్ది వెనక్కిస్తారా, ఎన్నిసార్లు తిరగరాయిస్తారు? తడబడితే ఆ డబ్బుతో ఎగ్మోర్ కన్నెమరా గ్రంథాలయానికి నెలంతా బస్సులో తిరగచ్చు. దేశంలో అచ్చయ్యేవన్నీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. అక్కడ నచ్చిన ఫీచర్ ఒకటి తీసుకుని, ఏ పేరా ఎవరిని అడిగితే వచ్చిందో పక్కన రాసుకుంటూ వెళ్లండి.