మడత వర్క్‌బెంచీకి కొత్త పైపలక: ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా, పాత టేకా?

మడత వర్క్‌బెంచీ అంటే కాళ్ళు మడిచి మోసుకెళ్ళే పనిబల్ల. దాని పైన రెండు పలకలుంటాయి, స్క్రూ తిప్పితే ముందు పలక కదిలి మధ్యలో పెట్టిన చెక్కను బిగిస్తుంది. ఆ పలక పాడైందని చాలామంది అనేది పైన రంపం గీతలూ రంగు మరకలూ చూసి. వాటివల్ల పనేమీ ఆగదు. పని ఆగేది రెండుచోట్ల. చెక్క జారకుండా పలక బెజ్జాల్లో గుచ్చే పెగ్గులు ఊగేంతగా ఆ బెజ్జాలు వదులైపోతాయి, చెక్కను బిగించి పట్టాల్సిన అంచు గుండ్రంగా అరిగిపోతుంది. కొత్త పలక ఎంచేటప్పుడు ఈ రెండుచోట్లా ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. నెల్లూరు, ఒంగోలు వైపు దానికి తోడు వాన లెక్క కూడా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. చెక్క ఉబ్బడం, కుంచించుకోవడం ఏటా జరిగే పనే.

ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన బోర్డు. అది చదునుగా ఉంటుంది, చౌక, బెజ్జం శుభ్రంగా పడుతుంది. గదిలోంచి కదలని బెంచీకి అది చాలు. సైటుకు మోసుకెళ్ళే బెంచీకి మాత్రం వద్దు. తడి గచ్చు మీద ఒక రాత్రి పడుకోబెడితే అంచు ఉబ్బుతుంది, ఎండబెట్టినా మళ్ళీ పాత మందానికి రాదు. అదే తీరులో ఇంకా గట్టిగా నొక్కి చేసే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు తేమకు మరికొంత తట్టుకుంటుంది కానీ బరువెక్కువ. రెండు పలకలూ కలిపి 600 × 350 మి.మీ., మందం 18 మి.మీ. అనుకుంటే, ప్లైవుడ్‌తో సుమారు 2.3 కిలోలు, దీనితో 3.2 కిలోలు. మెట్లెక్కి మోసేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది.

మా ఓటు ప్లైవుడ్‌కే. అయితే ఏ ప్లైవుడ్ అన్నదే అసలు సంగతి. అడగ్గానే ఇచ్చే మామూలు కమర్షియల్ రకంలో లోపలి పొరల మధ్య సందులుంటాయి. పెగ్గు బెజ్జం సరిగ్గా ఆ సందు మీద పడితే, బిగించిన మొదటి వారంలోనే పొర చీలి పెగ్గు ఒరిగిపోతుంది. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్న 19 మి.మీ. పలక తీసుకోండి. ఈ రకాన్ని 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు, కనుక వానకు పొరలు ఊడవు. పూర్తి షీటు కొనక్కర్లేదు, కావలసింది రెండడుగుల ముక్కే. ఇంటీరియర్ పనులు జరిగేచోట వార్డ్‌రోబులు కోయగా మిగిలిన ముక్కలు దొరుకుతాయి. ముక్క అంచును వెలుతురులో తిప్పి చూడండి. నల్లటి సందులు కనిపిస్తే వదిలేయండి.

స్లాబు సెంట్రింగ్‌కు వాడే ఫిల్మ్ అంటించిన షట్టరింగ్ ప్లై కూడా కొందరు వేస్తారు. నీటికి మంచిదే. కానీ నున్నగా ఉండడంతో పెట్టిన చెక్క జారుతుంది, వాడేసిన షీటయితే అంటుకున్న సిమెంటు రంపం పళ్ళను తినేస్తుంది. పైన మైకా అంటించినా అదే జారుడు. పైగా ఒకవైపే అంటిస్తే పలక వంగుతుంది.

ఇక గట్టి చెక్క. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపు చెక్క బాగా ఆరినది, అది దొరికితే ప్లైవుడ్ కన్నా అందంగా, అరుగుదలకు గట్టిగా ఉంటుంది. తెల్లచెక్క తీసేసి చేవ భాగమే వాడాలి. బెజ్జాల వరుస వెంట నిలువునా చీలడం దీని బలహీనత. అంచుకు బెజ్జం మరీ దగ్గరైతే ఆ చీలిక ఖాయం. పచ్చి వేప, ప్రకాశం జిల్లాలో విరివిగా పెంచే సుబాబుల్, తీరంలోని సరుగుడు దీనికి పనికిరావు. వేప ఆరేకొద్దీ దోనెలా వంగుతుంది, సుబాబుల్‌కు పురుగు పడుతుంది, సరుగుడు పగులుతుంది. తుమ్మ మాత్రం బరువైనా ఒక పనికి బంగారం. ప్లైవుడ్ పలకల ఎదురెదురు అంచులకు 20 మి.మీ. వెడల్పు తుమ్మ లేదా టేకు పట్టీ జిగురుతో, స్క్రూలతో బిగిస్తే అంచు అరుగుదల సమస్య చాలావరకు తీరుతుంది. పట్టీ వెడల్పు మేర ప్లైవుడ్‌ను ముందే తగ్గించి కోయాలి. పైపులు పట్టుకునే వీ గాడి కూడా ఆ పట్టీలోనే కోయవచ్చు.

పాత పలకను అచ్చుగా పెట్టి కొత్తదాన్ని గీయండి. పాతది వంగి ఉంటే మాత్రం కింది ఇనుప బ్రాకెట్ల నుంచే కొలత తీసుకోండి. ముందు 3 మి.మీ. బిట్‌తో కేంద్రం గుచ్చి, పెగ్గు కొలతకు అరమిల్లీమీటరు ఎక్కువ బెజ్జం వేయాలి. చాలా బెంచీల పెగ్గు 20 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, అయినా కొలిచే వేయండి. ఫ్లాట్ బిట్ మొన కింద కనబడగానే ఆపి, పలక తిప్పి రెండోవైపు నుంచి పూర్తి చేస్తే అంచు చిట్లదు.

బోల్టుల తలలు పలక మొహం కన్నా ఒకటి రెండు మి.మీ. లోపలికి దిగాలి. లేకపోతే రంపం వాటిమీద పడుతుంది. మందం 18 నుంచి 25కు పెంచితే బోల్టు పొడవు 7 మి.మీ. పెరగాలి. అవసరానికి మించితే కొన కింది స్క్రూ రాడ్‌కు తగిలి ముందు పలక కదలదు. అసలు మందం పెంచితే కాళ్ళు పూర్తిగా మడతపడతాయో లేదో ముందు చూసుకోండి. ముందు పలక రెండు చివరలూ విడివిడిగా కదలాలి కాబట్టి అక్కడ లోపల నైలాన్ వలయం ఉన్న, ఊడిరాని నట్టు వేసి, పలక తిరిగేంత వదులు ఉంచండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే నయం. రెండు పలకలూ ఒకేసారి మార్చి, రెండింటి మీదా అడ్డంగా తిన్నని బద్ద పెట్టి ఎత్తు చూడండి. తేడా ఉంటే బ్రాకెట్ కింద వాషరు పెట్టండి.

పూతకు వార్నిష్ వద్దు, జారుతుంది. అవిసె నూనె రెండు పూతలు, రెండు మొహాలకూ, అంచులకూ, బెజ్జాల లోపలికీ. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.