మోచేతికి రాత్రిపూట కట్టే స్ప్లింట్: రెండు నెలలు వాడాక

మా అమ్మాయికి 17 ఏళ్లు, జావెలిన్ విసురుతుంది. విసిరినప్పుడల్లా మోచేతి లోపలివైపు గుంజుతోందనేది. చూపించిన మొదటి చోట బెణుకన్నారు, మాత్రలిచ్చారు. నెల వృథా. డిసెంబరులో ఓ పొద్దున జడ వేసుకుంటూ, "అమ్మా, చిటికెన వేలు మొద్దుబారిపోయింది, రబ్బరు బ్యాండు పట్టు దొరకట్లేదు" అంది. అప్పుడు చేయించిన నరాల టెస్టులో అల్నార్ నరం మోచేతి దగ్గర నొక్కుకుపోతోందని తేలింది. మోచెయ్యి తలుపుకి తగిలితే కరెంటు కొట్టినట్టు ఉంటుందే, ఆ నరమే. ఈటెను వెనక్కి తీసుకుని విసిరే క్షణంలో మోచేతి లోపలివైపంతా సాగుతుంది, దాంతోపాటు నరమూ.

డాక్టరు గారు విసరడం ఆపించి, రాత్రి ఈ స్ప్లింట్ కట్టమన్నారు. విసిరేది పగలైతే కట్టు రాత్రెందుకో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి లేచి చూస్తే, మోచెయ్యి పూర్తిగా మడిచి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. ఎంత మడిస్తే నరం మీద అంత ఒత్తిడట. నిద్రలో అలా మడవకుండా ఆపేదే ఈ స్ప్లింట్.

బట్ట తొడుగు, లోపల వంచుకోగల అల్యూమినియం పట్టీ, మూడు వెల్క్రోలు. 1,150 రూపాయలు పెట్టాం. వంపు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఫిజియోనే పెట్టిచ్చారు, మీరూ వాళ్ల చేతే పెట్టించుకోండి. మొదటి వారం మేం మధ్య వెల్క్రోను సరిగ్గా లోపలి ఎముక వెనక, నరం వెళ్లే గాడి మీదే బిగించాం. తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. ఆ చోట వదులుగా ఉండాలి. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు, ఈ వస్తువులో నాకు నచ్చని పెద్ద లోపం ఇదే. ఉక్కకి చెమట పడుతుంది, వెల్క్రో దుప్పటికి అంటుకుంటుంది, అవి ఓర్చుకోవచ్చు. ఇది వచ్చేలోపు రెండు రాత్రులు మోచేతికి తువ్వాలు చుట్టి కట్టాం, అదీ పనిచేసింది.

మూడో వారం నుంచి రాత్రి తిమ్మిరికి లేవడం తగ్గింది. పట్టు ఎలా ఉందో చూడ్డానికి ఫిజియో బొటనవేలు, చూపుడువేలు మధ్య కాగితం పట్టుకోమని లాగేవారు. మొదట్లో బొటనవేలి కణుపు మడతపడిపోయేది, మొన్న నిటారుగా ఉంచి పట్టుకుంది. స్ప్లింట్ ఉంది కదా అని విసరనివ్వకండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య కండ పల్చబడుతుంటే మాత్రం దీంతో రోజులు గడపకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. మా అమ్మాయికి వచ్చే సోమవారం నుంచి టెన్నిస్ బంతితో విసరడం మొదలుపెట్టమన్నారు. ఈటె ఇంకా మూలనే ఉంది.