నెలకు ఐదు వేలు: ఆప్షన్సా, సిప్పా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో మనవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే ప్రశ్నే. సిప్ అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం. ఆప్షన్ అంటే షేరునో సూచీనో గడువు రోజున ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు. 2025 చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధించాక కొందరి చూపు ఆప్షన్స్ వైపు మళ్లింది.

ఖర్చు: ఆప్షన్స్‌లో కొన్నా అమ్మినా బ్రోకరేజీ, పైన పన్నులు. సిప్ అయితే, నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్‌ను ఏజెంటు లేకుండా నేరుగా తీసుకుంటే (డైరెక్ట్ ప్లాన్) ఏడాదికి వందకు అర్ధరూపాయి కూడా పోదు.

శ్రమ: సిప్‌కు ఒకసారి ఆటోపే పెడితే సరి. ఆప్షన్స్‌కు తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా కళ్లు ఫోన్‌లోనే. ఆఫీసు మీటింగ్‌లోనూ బల్ల కింద చార్టే!

రిస్క్: అసలు కథ ఇక్కడే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే. ఎక్స్‌పైరీ (గడువు ముగిసే) రోజు పొద్దున నలభై రూపాయలున్న ఆప్షన్ నిఫ్టీ కదలకపోయినా సాయంత్రానికి సున్నా కావచ్చు. సిప్పూ పడుతుంది. 2020 జనవరిలో 12,400 దాటిన నిఫ్టీ మార్చిలో 7,500 దగ్గరికి జారింది. కాకపోతే నవంబరుకల్లా తిరిగొచ్చింది.

జీతంలోంచి ఇంటికి పంపేవాళ్లకు, బైక్ ఈఎంఐ ఉన్నవాళ్లకు సిప్పే. చేతిలో పెద్ద మొత్తంలో షేర్లుండి, వాటికి రక్షణగా పుట్ (అమ్మే హక్కు ఇచ్చే ఆప్షన్) కొనేవాళ్లకు ఆప్షన్స్. వచ్చే ఏడాది చెల్లి పెళ్లికి కావాల్సిన డబ్బయితే రెండూ వద్దు, బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా వేసే డిపాజిట్) కట్టుకోండి.