మూడేళ్లుగా పైమ్‌నెట్‌తో: బస్సు, ఆటో, రైలు పొరలు పొరలుగా

"మా ఊరికి రైలు ఎప్పుడొచ్చింది సార్?" అని దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి క్లాసులో అడిగింది. పొరలు పొరలుగా ఉండే నెట్‌వర్క్‌లను కంప్యూటర్‌లో నిర్మించి, గీసి చూపే పైథాన్ లైబ్రరీ పైమ్‌నెట్. అది నాకు సరిగ్గా అర్థం కావడం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

నేను నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. మా పిల్లలు పొద్దున కాలేజీకి ఏ దారిన, ఎన్ని బండ్లు మారి చేరుతున్నారో తెలుసుకుందామని మూడేళ్ల కింద వాళ్లతోనే వివరాలు రాయించాను. ఆ రోజు తెర మీద మూడు పొరలు పెట్టాను. కింద షేర్ ఆటోలు, మధ్యలో ఆర్టీసీ బస్సులు, పైన రైళ్లు. రైలు పొరలో దేవరకొండ పేరుతో ఒక చుక్క కనిపిస్తోంది. దేవరకొండకు రైలే లేదు.

తప్పు డేటాలో లేదు. పైమ్‌నెట్‌లో కొత్త నెట్‌వర్క్ మొదలుపెడితే, ఏదో ఒక పొరలో ఉన్న ఊరు అన్ని పొరల్లోనూ ఉన్నట్టే లెక్క. 'ఫుల్లీఇంటర్‌కనెక్టెడ్' అనే సెట్టింగ్ మనం మార్చేదాకా 'ట్రూ'గా ఉంటుంది. దాన్ని 'ఫాల్స్' చేస్తే ఏ ఊరికి ఏది ఉందో అదే మిగులుతుంది. కొత్తగా వాడేవాళ్లు ముందు ఇది చూసుకోండి. బొమ్మ అందంగానే వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, అందుకే పట్టుకోవడం కష్టం.

పైమ్‌నెట్ ఓపెన్ సోర్స్, జీపీఎల్ లైసెన్సు. పైథాన్ లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్‌తో ఒక్క లైన్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది. దీన్ని మొదలుపెట్టిన మిక్కో కివేలా, మరికొందరు పరిశోధకులు కలిసి బహుళ పొరల నెట్‌వర్క్‌ల మీద 2014లో ఒక పెద్ద సమీక్షా వ్యాసం రాశారు. లైబ్రరీ ఆలోచనంతా అందులోని నిర్వచనాల మీదే నిలబడింది. నాకు ఇందులో బాగా నచ్చింది కూడా ఆ ఆలోచనే. మిర్యాలగూడ ఒక్కటే ఊరు, కానీ బస్సు పొరలో ఒక చుక్క, రైలు పొరలో ఇంకో చుక్క. ఆ రెండింటినీ కలిపే నిలువు గీత అంటే స్టేషన్ నుంచి బస్టాండ్ దాకా నడక, బస్సు కోసం ఎదురుచూపు. ఊరికి ఒకే చుక్క ఉండే మామూలు గ్రాఫ్‌లో ఆ ఎదురుచూపుకు చోటే లేదు.

ఆ నిలువు గీతల్ని మనం కోరితే తనంతట తానే గీసే 'మల్టీప్లెక్స్‌నెట్‌వర్క్' కూడా ఉంది. మొదటి ఏడాది అదే వాడాను. మహబూబ్‌నగర్‌లో పనిచేసే నా స్నేహితుడు అటువైపు డేటా పంపాక గాని అందులో ఇబ్బంది తెలియలేదు. అతను రైలు పొరలో వనపర్తి రోడ్ స్టేషన్‌ను వనపర్తి అని రాశాడు. ఆ స్టేషన్ ఉన్నది మదనాపురంలో, వనపర్తి పట్టణానికి చాలా దూరం. లైబ్రరీ మాత్రం పేరు ఒకటే కదా అని బస్సు పొరలోని వనపర్తికి నేరుగా కలిపేసింది. అప్పటి నుంచి 'మల్టీలేయర్‌నెట్‌వర్క్' తీసుకుని, ప్రతి నిలువు గీతా నేనే రాస్తున్నాను. పని ఎక్కువే, కానీ బొమ్మ అబద్ధం చెప్పదు.

పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఒక విద్యార్థి నల్గొండ అని, ఇంకొకరు నల్లగొండ అని రాస్తే రెండు ఊర్లు పుట్టుకొస్తాయి. అందుకే ముందే ఊర్ల పేర్ల పట్టిక ఒకటి చేసుకుని, అందులో లేని పేరు వస్తే అక్కడే ఆపేలా నాలుగు లైన్లు రాసుకున్నాం.

ఇక బొమ్మ సంగతి. 'డ్రా' అని పిలిస్తే, పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ సాయంతో పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గీస్తుంది. చుక్కల్ని దాని ఇష్టానికి వదిలేస్తే చిట్యాల, మిర్యాలగూడ ఎక్కడెక్కడో పడతాయి, పిల్లలకు తమ ఊరు దొరకదు. 'నోడ్‌కోఆర్డ్స్'లో రేఖాంశం, అక్షాంశం ఇచ్చాక ఊర్లన్నీ జిల్లా మ్యాప్‌లో లాగే కుదురుకున్నాయి. నిలువు గీతలు కూడా నిటారుగా నిలబడ్డాయి. చూసే కోణం మార్చుకోవచ్చు, ట్రిప్పుల సంఖ్యను బట్టి గీత మందం పెంచొచ్చు. ముప్పై, నలభై ఊర్ల దాకా హాయిగా ఉంటుంది. వంద దాటించి చూశాను, నూలు చిక్కుపడ్డట్టు అయింది. అంత పెద్ద డేటాను బొమ్మగా చూడాలనుకునేవాళ్లకు నేను దీన్ని చెప్పను.

తెలుగు అక్షరాలు మాత్రం నన్ను చాలా బాధపెట్టాయి. మొదట పేర్లన్నీ డబ్బాలుగా వచ్చాయి, ఎందుకంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వెంట వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ పెట్టాక అక్షరాలు వచ్చాయి గాని ఒత్తులు విరిగిపోయాయి. మిర్యాలగూడలో య ఒత్తు ర కిందికి చేరకుండా పొల్లు పక్కన విడిగా నిలబడింది. ఇది పైమ్‌నెట్ లోపం కాదు, దాని కింద బొమ్మ గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు తగిలించుకునే ఎంప్లాట్‌కైరో అనే బ్యాకెండ్ (తెర వెనక గీసే భాగం) ఒత్తుల్ని సరిగ్గా కలుపుతుంది. నేను చివరికి పేర్లు లేకుండా ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైలుగా సేవ్ చేసి, ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో రాస్తున్నాను. మా ఊరి పేరు విరిగిన ఒత్తుతో గోడకెక్కడం నాకిష్టం లేదు.

ఇంత కష్టపడ్డందుకు దక్కిందేంటంటే, కొండమల్లేపల్లి. 'అగ్రిగేట్'తో పొరలన్నీ కలిపి చూస్తే అది దారిలో వచ్చే ఒక చుక్క. పొరలుగా విడదీస్తే చుట్టుపక్కల తండాల నుంచి ఆటో గీతలన్నీ అక్కడికే చేరి, అక్కడి నుంచి ఒకే ఒక్క నిలువు గీత బస్సు పొరకు ఎక్కుతోంది. పొద్దున ఆ ఒక్క బస్సు తప్పితే అంతమందికి మొదటి పీరియడ్ పోయినట్టే. హాజరు తక్కువని ఆ పిల్లలనే నేను చాలాసార్లు కోప్పడ్డాను.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు, పైతరగతి బస్సుల్లో కట్టాలి. దాంతో బస్సు పొరను రెండుగా విడగొట్టాం. పాత డేటా పారేయకుండా ఒక్క సాయంత్రంలో అయిపోయింది. 'సబ్‌నెట్'తో డబ్బు కట్టాల్సిన బస్సుల పొర తీసేసి గీస్తే, ఆడపిల్లలు నిజంగా వాడే దారులే మిగిలాయి. ఆ బొమ్మ ప్రింట్ తీసి నోటీసు బోర్డు మీద పెట్టాం. రైలు పొరలో ఇప్పుడు దేవరకొండ చుక్క లేదు. ఆ అమ్మాయే వచ్చి చూసి, "వచ్చినప్పుడు పెడదాం సార్" అంది.