గూడెంలో ఒక పూట ఆగితే: మిలిటరీ మాధవరం

సంక్రాంతికో పెళ్లిళ్లకో హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది తాడేపల్లిగూడెంలో రైలు దిగి, అటునుంచి అటే భీమవరం బస్సెక్కేస్తారు. ఈసారి ఒక పూట గూడెంలో ఆగండి. మాధవరం ఆటోలో వెళ్లొచ్చే దూరమే. ఉత్త మాధవరం అంటే ఆటో అబ్బాయి "మిలిటరీ మాధవరమేనాండీ?" అని మళ్లీ అడిగాడు. ఆ పేరుతోనే చెప్పండి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లు వెయ్యి మంది పైనే. ఒక్క పల్లెటూరి నుంచి అంతమంది! అప్పటి నుంచి ఇప్పటిదాకా సైన్యంలో చేరడం ఇక్కడ ఇంటింటి ఆనవాయితీ. వాళ్ల కోసం ఊళ్లో అమర్ జవాన్ జ్యోతి తరహాలో స్మారకం కట్టుకున్నారు.

విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయ స్తూపం, కురుసుర జలాంతర్గామి చూసి వచ్చినవాళ్లకు ఇది చిన్నగా కనిపించవచ్చు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. విశాఖలో చూసి బయటికొచ్చేస్తాం. ఇక్కడ స్మారకం దగ్గర కాసేపు నిలబడితే ఎవరో ఒకరు వచ్చి "ఏ ఊరండీ మీది?" అని పలకరిస్తారు. అలా పలకరించిన పెద్దాయన ఒకరు రిటైరైన హవల్దార్. మద్రాస్ రెజిమెంట్, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. 1758 నాటి ఆ రెజిమెంట్ మన సైన్యంలోని పదాతిదళాల్లో అన్నిటికన్నా పాతదని గర్వంగా చెప్పారు. నాన్నగారి సంగతి అడిగితే బర్మా అన్నారు, ఇక ఎక్కువ మాట్లాడలేదు. నేనూ తరచి అడగలేదు. వెళ్లేటప్పుడు మా పిల్లాణ్ని దగ్గరకు పిలిచి, సెల్యూట్ చేసేటప్పుడు చెయ్యి ఎలా పెట్టాలో సరిచేసి చూపించారు. వాడు దారి పొడుగునా అదే చేస్తూ వచ్చాడు.

ఊళ్లో హోటళ్లేమీ ఆశించకండి, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. ఎండ తగ్గాక సాయంత్రం నాలుగు దాటి వెళ్తే పెద్దవాళ్లు అరుగుల మీద దొరుకుతారు. ఫొటోలు తీసేముందు ఒక మాట అడగడం మర్యాద.

బసకి గూడెం చాలు. స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ, పొద్దున వేడినీళ్లకు రెండుసార్లు కిందికి దిగి అడగాల్సి వచ్చింది. పైగా రాత్రంతా లారీల హారన్లు. ఇంట్లో పెద్దవాళ్లుంటే రోడ్డు వైపు గది వద్దని ముందే చెప్పండి. ఇంకా మంచి గదులు కావాలంటే భీమవరంలో దొరుకుతాయి. కాకపోతే రాత్రిపూట ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. టిఫిన్‌కి మాత్రం గూడెంలో లోటు లేదు, పెసరట్టు ఉప్మా ఎక్కడైనా బాగుంటుంది.

పొద్దున్న టైముంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే చూడండి, గూడెంలోనే ఉంది. మాధవరం చూశాక చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. ఈ చుట్టుపక్కల కుర్రాళ్లు దూరదేశాలకు యుద్ధానికి వెళ్లిన రోజుల్లో వేసిన రన్‌వే అది. పిల్లలకు అక్కడే ఆ సంగతి చెప్పండి.

మాధవరం ఆటోని వెళ్లిరావడానికి కలిపే మాట్లాడుకోండి. చీకటి పడితే తిరుగు ఆటో కోసం టెన్షన్ పడాల్సి వస్తుంది.