1951 షెవ్రొలే 3100 ప్రాజెక్ట్ ట్రక్, చూసొచ్చాక నా రివ్యూ

టెక్సస్‌లో ఒక ఊరవతల షెడ్‌లో ఏళ్ల తరబడి పడున్న 1951 షెవ్రొలే 3100 పికప్‌ని ప్రాజెక్ట్ బండి (అంటే కొన్నవాళ్లే బాగు చేసుకోవాల్సింది) అని అమ్మకానికి పెట్టారు, వెళ్లి చూసొచ్చా. అడుగుతున్న రేటు 7500 డాలర్లు. ఆల్ ఒరిజినల్, 216 ఇంజిన్ (216 క్యూబిక్ అంగుళాలది) స్టార్ట్ అవుతుంది, తుప్పు కొంచెమే అని యాడ్‌లో రాశారు. ఇంజిన్ స్టార్ట్ అవుతుందన్న మాట నిజమే, మిగతా రెండిటి గురించే నేను ఎక్కువ చెప్పాలి.

బండి మాత్రం చూడగానే మనసు లాగేస్తుంది. 1947లో మొదలైన అడ్వాన్స్ డిజైన్ మోడల్ ఇది, గుండ్రటి ఫెండర్లు, అయిదు అడ్డపట్టీల గ్రిల్, రెండు ముక్కల విండ్‌షీల్డ్. 1951 బండి అంటే నాకు ఇంకాస్త ఎక్కువ ఇష్టం ఎందుకంటే డోర్ అద్దం ముందుండే చిన్న వెంట్ విండో ఆ ఏడాదే వచ్చింది, డోర్ తెరవడానికి కిందికి తిప్పే పాత హ్యాండిల్ పోయి నొక్కే బటన్ 1952లో వచ్చింది, కాబట్టి ఆ విండో, ఆ పాత హ్యాండిల్ కలిపి కనిపించేది ఈ ఒక్క ఏడాది బండిలోనే. దీనిది ఫైవ్ విండో క్యాబ్ కూడా, వెనక మూలల్లో వంపు అద్దాలు రెండూ పగలకుండా ఉన్నాయి. టెయిల్‌గేట్ మీద షెవ్రొలే అక్షరాలు కూడా ఎక్కడా సొట్ట పడలేదు, అది ఈ వయసు ట్రక్కుల్లో అంత ఈజీగా దొరకదు.

ఇక తుప్పు. ఓనర్ పెద్దాయన ఏం కావాలన్నా తట్టి చూసుకో బాబూ అన్నాడు, అది మెచ్చుకోవాలి. ఫెండర్లకి అయస్కాంతం గట్టిగా అంటుకుంది, డ్రైవర్ వైపు క్యాబ్ వెనక మూల దగ్గర మాత్రం జారి కింద పడింది, అంటే అక్కడ రేకు లేదు, పైనుంచి మందంగా పుట్టీ పెట్టి పెయింట్ కొట్టారు. ఆయన్ని అడిగి కింది నుంచి స్క్రూడ్రైవర్ మొన ఆనించా, అప్పడంలా విరిగి రాలింది. ఈ ట్రక్కులన్నిటికీ అదే జబ్బు, ఆ మూలల్లోకి దుమ్మూ ఆకులూ చేరి తడి పట్టి ఉండిపోతాయి, రేకుని తుప్పు లోపలి నుంచి తినేస్తుంది, బయటికి కనిపించేసరికి అయిపోయినట్టే. పెడల్స్ కింద ఫ్లోర్ మీద ఎవరో రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టారు, దాని కింద ఏముందో తీస్తేగానీ తెలీదు. ఫ్రేమ్ మాత్రం చాలా బాగుంది, రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల బండి కాకపోవడం పెద్ద ప్లస్.

ఇంజిన్ సంగతి నాకు భలే ఆసక్తిగా అనిపించింది. యాడ్‌లో ఒరిజినల్ 216 అన్నారు కదా, బానెట్ ఎత్తి చూస్తే వాల్వ్ కవర్‌కి పైన రెండు నట్లు లేవు, పక్కల నాలుగు స్క్రూలు ఉన్నాయి, అంటే అది 1954 నుంచి వచ్చిన 235 ఇంజిన్. కాలితో నేల మీద స్టార్టర్ పెడల్ తొక్కితే ఆరు వోల్టుల బ్యాటరీతో మెల్లగా తిరిగి తిరిగి అందుకుంది, ఆయిల్ గేజ్ ముల్లు ఒక్కసారిగా చివరికెళ్లి ఆగిపోయింది, ఎందుకంటే డ్యాష్‌లో ఉన్నది 216కి వచ్చే, 30 పౌండ్ల ప్రెషర్ వరకే చూపే గేజ్, 235కి 60ది కావాలి. అంతా ఒరిజినల్ ఉండాలనుకునే వాళ్లకి ఇది మైనస్, నాకైతే ప్లస్సే. 216లో కనెక్టింగ్ రాడ్ల బేరింగులకి చిమ్మే ఆయిలే ఆధారం, వాటిది పోతపోసిన బాబిట్ మెటల్ (మెత్తటి మిశ్రమ లోహం), మళ్లీ పోసి సరిచేసే పనివాళ్లు దొరకడం కష్టం. ఈ 235లో రాడ్ బేరింగులకీ ప్రెషర్‌తో ఆయిల్ వెళ్తుంది. అయితే అమ్మేవాళ్లు ఒరిజినల్ అని రేటు చెప్పకూడదు, అంతే.

ఇంజిన్ మారిన బండి అన్నప్పుడు కాగితాలు తప్పకుండా చూడాలి, ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాల్లో ఇంజిన్ నంబర్ మీదే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) ఇచ్చేవాళ్లు. దీని టైటిల్ నంబర్ డ్రైవర్ డోర్ పిల్లర్ మీదున్న ప్లేట్‌తో సరిపోయింది, నాకు సగం బెంగ తీరింది. టైటిల్ లేకపోతే టెక్సస్‌లో బాండెడ్ టైటిల్‌కి వెళ్లాలి, అంటే బండి విలువకి ఒకటిన్నర రెట్ల మొత్తానికి హామీ బాండ్ తెచ్చి పెట్టాలి, ఆ తిప్పలు ఎందుకు.

రోజూ హైవే మీద తిప్పుదామనుకునే వాళ్లకి ఒక మాట. వెనక యాక్సిల్ గేర్ 4.11, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే డ్రైవ్ షాఫ్ట్ 4.11 చుట్లు తిరగాలి, గంటకి 55 మైళ్లు దాటితే ఇంజిన్ గోల పెడుతుంది. గేర్‌బాక్స్ మార్చేద్దామంటే డ్రైవ్ షాఫ్ట్ టార్క్ ట్యూబ్ అనే, యాక్సిల్‌కి బిగించిన గొట్టం లోపల ఉంటుంది కాబట్టి యాక్సిల్ కూడా మార్చాల్సిందే. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి ఒకే గది, ఎక్కడ లీక్ అయినా మొత్తం బ్రేక్ పోతుంది. ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడే, పెయింట్ తర్వాత సంగతి. స్పేర్ పార్టులకి బెంగ లేదు, క్యాబ్ మూలలు, ఫ్లోర్ రేకులు, బెడ్ చెక్కలు అన్నీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు.

వెల్డింగ్ వచ్చి, సొంత గరాజ్ ఉన్నవాళ్లకి ఇది మంచి బండి, టింకరింగ్ అంతా బయట చేయించుకుంటే మాత్రం కూలికే బండి రేటు దాటిపోతుంది. నా లెక్కలో 7500 ఎక్కువ, 5000 అయితే న్యాయం, ఆయనకి అదే చెప్పా. పెట్రోల్ ట్యాంక్ క్యాబ్‌లో సీటు వెనకాలే ఉంటుంది, అది అడ్డం ఉన్నంతసేపూ మూలల లోపలి వైపు సరిగ్గా కనపడదు, అందుకే డబ్బు ఇచ్చేముందు సీటూ ట్యాంకూ తీసి చూపించమని అడిగా, వచ్చే వారం తీసి పెడతానన్నాడు.